పాటలు రాసుకోవడానికి ఏ కంప్యూటర్ కొనాలి?

ప్రశ్న: నేను ఏఎన్ఎంగా పనిచేసి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. హాలియాలో ఉంటాను. మా అమ్మ పాడిన బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు నాలుగు నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నాను, రెండు వందల నలభై దాకా ఉంటాయి. వాటిని తెలుగులో టైపు చేసుకోవాలని, ఆదివారం పూట అమెరికాలో ఉన్న మా బిడ్డతో కాస్త పెద్ద తెర మీద మాట్లాడుకోవాలని, కరెంటు బిల్లు, బ్యాంకు పని, భూమి వివరాలు ఇంట్లోనే చూసుకోవాలని నా కోరిక. ఇందుకోసం 35,000 రూపాయలు పక్కన పెట్టాను. నల్లగొండలో ఒక షాపువారు "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, 19 అంగుళాల మానిటర్, అంతా కలిపి 26,000" అని కాగితం మీద రాసిచ్చారు. బిల్లు వద్దంటే ఇంకొంత తగ్గిస్తామన్నారు. మా మేనల్లుడేమో ల్యాప్‌టాప్ కొనమంటున్నాడు. ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది కదా, దానికే కలుపుకుంటే మానిటర్ ఖర్చు తప్పుతుందని పక్కింటివారు అంటున్నారు. నేను బైఫోకల్ అద్దాలు వాడుతున్నాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ఏది కొనమంటారు?
ఒక పాఠకురాలు, హాలియా, నల్లగొండ జిల్లా

సమాధానం: అమ్మగారికి నమస్కారం. కంప్యూటర్ కొనాలనుకుంటున్నామని రాసేవారిలో చాలామంది తమ దగ్గర ఎంత డబ్బు ఉందో చెబుతారు గాని, దానితో ఏం చేయదలచుకున్నారో చెప్పరు. మీరు రెండూ చెప్పారు, కళ్లద్దాల సంగతి కూడా చెప్పారు. అందువల్ల మీకు సూటిగా సమాధానం చెప్పగలుగుతున్నాను. షాపువారు రాసిచ్చిన ఆ సరంజామా తీసుకోవద్దు. ముందుగా 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఒకటి కొత్తది ఎంచుకోండి. ఆ తరువాత మిగిలిన డబ్బులో, ఆఫీసుల్లో వాడి తీసేసిన మంచి కంపెనీ డెస్క్‌టాప్‌ను, ఎనిమిదో తరం లేదా ఆపై తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కు బదులుగా సమాచారం దాచే వేగవంతమైన భాగం) ఉన్నదాన్ని, వారంటీతో తీసుకోండి. సాధారణంగా మనం ముందు పెట్టెను ఎంచుకుని, మిగిలిన చిల్లరతో తెర కొంటాం. మీ విషయంలో ఆ వరుస తిరగబడాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

మొదట ఆ కాగితం సంగతి చూద్దాం. ప్రాసెసర్ అంటే కంప్యూటర్ లోపల లెక్కలన్నీ చేసే చిప్పు. ఐ7 అన్నది ఒక ప్రాసెసర్ పేరు కాదు, ఇంటెల్ కంపెనీ ఏటేటా విడుదల చేస్తూ వస్తున్న ఒక వరుస పేరు. ఆ వరుసలో పదిహేనేళ్ల కిందటి ప్రాసెసర్‌నూ ఐ7 అనే అంటారు, నిన్న మొన్నటిదాన్నీ ఐ7 అనే అంటారు. ఏ తరానిదో తెలియాలంటే ఆ పేరు వెనుక ఉన్న అంకెలు చూడాలి. ఐ7-2600 అని ఉంటే అది రెండో తరం, 2011 జనవరిలో వచ్చింది. ఐ5-8500 అని ఉంటే ఎనిమిదో తరం, 2018 నాటిది. ఐ3-12100 అని అయిదు అంకెలు ఉంటే మొదటి రెండు అంకెలు తరాన్ని చెబుతాయి, అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. పేరులో 3 ఉన్నా, ఈ పన్నెండో తరం ఐ3 ఆ రెండో తరం ఐ7 కంటే రెట్టింపుకు పైగా వేగంగా పనిచేస్తుంది. ఇప్పటి తరం ఐ7 ప్రాసెసర్ ఒక్కటే ఇరవై వేలకు పైబడుతుంది కాబట్టి, మానిటర్‌తో సహా మొత్తం 26,000కే ఇస్తామంటే అది పాత తరం ఐ7 కాక మరొకటి అయ్యే అవకాశం లేదు. ఆ పాత ప్రాసెసర్లకు సరిపడే మదర్‌బోర్డులు, అంటే లోపలి భాగాలన్నీ అమర్చే పలకలు, మాత్రం ఇప్పటికీ కొత్తగా తయారై మార్కెట్‌లోకి వస్తున్నాయి. అందుచేత క్యాబినెట్ మెరుస్తూ ఉంటుంది, బోర్డు కొత్తగా ఉంటుంది, లోపల కూర్చున్న ప్రాసెసర్ మాత్రం ఎప్పుడో ఏదో ఆఫీసులో తన కాలం తీర్చుకుని వచ్చినదై ఉంటుంది. కొత్త కంప్యూటర్ కొన్నామన్న తృప్తితో ఇంటికి వెళ్లే మనిషికి ఆ సంగతి చెప్పేవారుండరు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

పాతదైతే ఏమి, నా పనికి సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. టైపు చేయడానికి సరిపోతుంది కూడా. కాని మీరు బ్యాంకు పని ఇంట్లోనే చేసుకోవాలనుకుంటున్నారు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ భద్రతా సహకారాన్ని 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరుస నుంచి, అదీ టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉన్న యంత్రాల మీద మాత్రమే నడవాలని ఆ సంస్థ నియమం పెట్టింది. రెండో తరం, నాలుగో తరం యంత్రాల మీద కూడా ఆ తనిఖీని తప్పించి విండోస్ 11 ఎక్కించి ఇచ్చే షాపులు ఉన్నాయి. చూడడానికి అది బాగానే నడుస్తుంది, అయితే తరువాత రావలసిన అప్‌డేట్లు వస్తాయన్న భరోసా మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. మీ పింఛను డబ్బు జమయ్యే ఖాతాను అలాంటి యంత్రంలో తెరవడం నాకు ఇష్టం లేదు. ఎనిమిదో తరానికి దిగువన వద్దని నేను పట్టుబట్టడానికి వేగం కంటే ఈ భద్రతే పెద్ద కారణం.

ఇక 16 జీబీ ర్యామ్, అంటే యంత్రం పనిచేస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం. రెండో, మూడో తరం బోర్డుల్లో వాడేది డీడీఆర్3 రకం ర్యామ్, ఇప్పటి యంత్రాల్లో డీడీఆర్4, డీడీఆర్5 వాడుతున్నారు. పాత రకం చవక కాబట్టి 16 అని రాసివ్వడం సులువు. మీరు చెప్పిన పనులకు, అంటే బ్రౌజర్‌లో ఏడెనిమిది పేజీలు, ఒక రాత పత్రం, ఒక వీడియో కాల్‌కు, 8 జీబీ చాలు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి ఇప్పుడు 16 కోసం తాపత్రయపడకుండా, 8 జీబీ ఒకే కర్రగా పెట్టి రెండో స్లాటు ఖాళీగా వదిలిన యంత్రాన్ని తీసుకుంటే, అవసరమైనప్పుడు ఇంకొకటి చేర్చుకోవచ్చు.

1 టీబీ హార్డ్ డిస్క్ విషయంలో ఒక చిన్న లెక్క చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. యూనికోడ్ తెలుగును, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక తెలుగును, మామూలుగా దాచే పద్ధతిలో ఒక్కో గుర్తు 3 బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తు, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. మీ ఒక్కో పాటకు 2,000 గుర్తులు వేసుకున్నా 240 పాటలకు 14,40,000 బైట్లు అవుతాయి. అంటే మీ అమ్మగారి పాటలన్నీ కలిపి ఒకటిన్నర ఎంబీ లోపే. ఈనాటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకు పట్టే చోటు కూడా వాటికి అక్కరలేదు. మీకు 1 టీబీ అవసరం లేదు, కాని యంత్రం మీట నొక్కగానే లేచే గుణం చాలా అవసరం. హార్డ్ డిస్క్ లోపల నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది, దాని మీద ఒక సూది వంటిది అటూ ఇటూ కదిలి కావలసిన సమాచారాన్ని వెతుక్కోవాలి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. హార్డ్ డిస్క్ మీద విండోస్ పూర్తిగా సిద్ధమవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ తరువాత కూడా ప్రతి క్లిక్కుకూ ఆలోచిస్తున్నట్టు ఆగుతుంది. ఎస్ఎస్‌డీ మీద అదే పని అర నిమిషం లోపు అయిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఆ ఆలస్యం వల్ల తామే ఏదో తప్పు నొక్కామన్న అనుమానం వస్తుంది, మళ్లీ మళ్లీ నొక్కుతారు, నిజంగానే తప్పు జరుగుతుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీ మీకు సరిపోతుంది. బిడ్డ పంపే ఫొటోలు, వీడియోలు కూడా దాచుకోవాలంటే 512 తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయమైన మానిటర్ దగ్గరకు వస్తాను. దీని మీద నాకు ఇంత పట్టింపు ఉండడానికి ఒక కారణం ఉంది. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యాక, ఆయన కోసం నేను సూర్యాపేటలో ఒక కంప్యూటర్ కొన్నాను. యంత్రం మంచిదే తీసుకున్నాను, మానిటర్ దగ్గర మాత్రం డబ్బు మిగిల్చి పద్దెనిమిదిన్నర అంగుళాలది పెట్టాను. ఆయన ముందుకు వంగి, అద్దాలు పైకెత్తి, దించి, రెండు నెలలు తంటాలు పడి మానేశారు. ఆసక్తి లేదేమో అనుకున్నాను. ఆ తరువాత ఒకసారి నేను పనిచేసే చోటుకు వచ్చి నా బల్ల మీది తెర చూసి, "దీంట్లో థకు చుక్క కనబడుతోందిరా" అన్నారు. అంతకాలం ఆయనకు తెలుగు అక్షరాలు సగం ఊహించుకుని చదవవలసి వచ్చిందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ నెలలోనే మానిటర్ మార్చాను, యంత్రం అదే. మళ్లీ రాయడం మొదలుపెట్టారు.

ఇంగ్లిషు చదివేవారికి చిన్న తెర, తక్కువ చుక్కల తెర అంతగా ఇబ్బంది కలిగించదు. తెలుగు లిపి అలా కాదు. ద కింద చిన్న గీత చేరితే ధ, ఆ ధ లోపల ఒక చుక్క పడితే థ. అక్షరం కింద ఒత్తు, దాని పక్కన మరో ఒత్తు, పైన గుడి, పక్కన సున్న, ఇవన్నీ ఒకే అక్షరంలో ఇరుక్కుంటాయి. "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటల్లో ఒక్క అక్షరం మూడు అంతస్తుల ఎత్తు ఉంటుంది. మీ బతుకమ్మ పాటల్లోనైతే చరణం చరణానికీ చివర "ఉయ్యాలో" అని వస్తుంది, ప్రతిసారీ యకు యవత్తు. తెర మీద ఉన్న చుక్కలతోనే ఈ గీతలన్నీ ఏర్పడాలి కాబట్టి, చుక్కలు తక్కువైతే ఒత్తులు నల్లటి మరకల్లా కలిసిపోతాయి.

షాపుల్లో 19 అంగుళాలు అని అమ్మేవి చాలావరకు 18.5 అంగుళాల తెరలు, వాటిలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు, అంటే మొత్తం పదిన్నర లక్షల చుక్కలు ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920, 1080 చొప్పున ఇరవై లక్షలకు పైగా ఉంటాయి, దాదాపు రెట్టింపు. ఫుల్ హెచ్‌డీ అని తేలాక ఎంత పెద్ద తెర అన్న ప్రశ్న వస్తుంది. 21.5 అంగుళాల తెరలో అంగుళానికి 102 చుక్కలు, 24 అంగుళాలని పిలిచే 23.8 అంగుళాల తెరలో 92, 27 అంగుళాల తెరలో 81 పడతాయి. కొలత పెరిగినకొద్దీ చుక్కల సంఖ్య పెరగదు, అవే చుక్కలు విడిపోయి లావవుతాయి. అందువల్ల 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు ఆ 18.5 అంగుళాల తెరలో కంటే కూడా ముతకగా ఉంటాయి. పెద్దదైతే బాగా కనబడుతుందని ఎవరైనా 27 చూపిస్తే, అందులో 2560, 1440 చుక్కలు ఉంటే తప్ప తీసుకోవద్దు, అది మీ బడ్జెట్‌కు మించుతుంది. 24 అంగుళాలదే మీకు సరైన కొలత. విండోస్‌లో అక్షరాల పరిమాణాన్ని 125 శాతానికి పెంచుకుంటే, పేజీ మొత్తం కనబడుతూనే అక్షరం పెద్దదవుతుంది.

తెర రకం ఐపీఎస్ అని అడిగి తీసుకోండి. టీఎన్ అనే పాత రకంలో కాస్త పై నుంచో, కింద నుంచో చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌లో అలా జరగదు, బిడ్డతో మాట్లాడేటప్పుడు ఇరుగుపొరుగు అమ్మలక్కలు నలుగురు కలిసి కూర్చున్నా అందరికీ ఒకేలా కనబడుతుంది. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో చెప్పే 75, 100 హెర్ట్జ్ వంటి అంకెలు ఆటలు ఆడేవారికి ముఖ్యం, మీకు అదనపు డబ్బు పెట్టవలసినవి కావు. వంపు తిరిగిన తెర కూడా అక్కరలేదు. తెర ఉపరితలం అద్దంలా మెరవకుండా ఉండాలి, లేకపోతే ఎదుటి కిటికీ అందులో కనబడుతుంది. వీజీఏ అనే నీలం రంగు పాత తీగతో కలిపితే అక్షరాల అంచులు కొద్దిగా మసకబారుతాయి కాబట్టి, హెచ్‌డీఎంఐ అనే కొత్త రకం తీగ పెట్టే చోటు ఉన్న మానిటరే తీసుకుని ఆ తీగతోనే కలిపించుకోండి.

బైఫోకల్ అద్దాల విషయం వేరుగా చెప్పాలి. మీ అద్దాల్లో కింది భాగం పుస్తకం చదివే దూరానికి, అంటే ఒక అడుగు, అడుగుంపావుకు చేసినది. పై భాగం దూరపు చూపుకు. మానిటర్ ఈ రెండింటి మధ్య, రెండడుగుల దూరంలో ఉంటుంది. దాంతో తెలియకుండానే గడ్డం పైకెత్తి కింది అద్దంలోంచి చూస్తారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కంప్యూటర్ కొన్నాక, కుర్చీలో కూర్చుని కంటి నుంచి తెరకు ఎంత దూరమో టేపుతో కొలిపించుకుని, ఆ కొలత కంటి పరీక్ష చేసేవారికి చెప్పి, ఆ దూరానికే ఒక జత అద్దాలు విడిగా చేయించుకోండి. అప్పటివరకు మానిటర్‌ను వీలైనంత కిందికి ఉంచండి, దాని పై అంచు మీ కంటి మట్టం కంటే కిందే ఉండాలి. చాలా ఇళ్లలో క్యాబినెట్‌ను పడుకోబెట్టి దాని మీద మానిటర్ పెడుతుంటారు, మీ అద్దాలకు ఆ ఎత్తు పనికిరాదు.

టీవీకి కలపడం గురించి. 32 అంగుళాల టీవీల్లో చాలావరకు హెచ్‌డీ రెడీ అనేవి, అంటే మళ్లీ అవే 1366, 768 చుక్కలు, అంగుళానికి యాభై కూడా పడవు. ఆదివారం బిడ్డ ముఖాన్ని మంచం మీద కూర్చుని దూరం నుంచి చూడడానికి అది చక్కగా పనికివస్తుంది, ఒక పొడవాటి హెచ్‌డీఎంఐ తీగ ఉంచుకోండి. పాటలు టైపు చేయడానికి మాత్రం ఆ టీవీ పనికిరాదు.

మీ మేనల్లుడు ల్యాప్‌టాప్ అనడంలో అర్థం లేకపోలేదు, కరెంటు పోయినా నడుస్తుంది, కెమెరా, మైకు, వైఫై అందులోనే ఉంటాయి. అయితే మీ బడ్జెట్‌లో వచ్చే ల్యాప్‌టాప్ తెర 14, 15 అంగుళాలది, బల్ల మీద కిందికి వంగి చూడాలి, కీబోర్డు దానికే అతుక్కుని ఉంటుంది. మీరు ఊళ్లు తిరుగుతూ రాయరు, ఇంట్లో ఒక చోట కూర్చుని రాస్తారు. కాబట్టి డెస్క్‌టాపే మీకు మేలని నా అభిప్రాయం. తెర, యంత్రం ఒకటిగా కలిసి ఉండే ఆల్ ఇన్ వన్ రకం అందంగా ఉంటుంది గాని, ఒకటి చెడితే రెండూ మూలపడతాయి. వద్దు.

ఇక యంత్రం ఎక్కడ తీసుకోవాలి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అనేవి కార్యాలయాల కోసం గట్టిగా తయారుచేసినవి. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి, లీజు తీరాక ఒకేసారి వందల సంఖ్యలో తీసేస్తాయి. వాటిని శుభ్రం చేసి, ఎస్ఎస్‌డీ మార్చి, ఆరు నెలలో ఏడాదో వారంటీతో అమ్మేవారు నల్లగొండలో, మిర్యాలగూడలో ఉన్నారు, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చోట, వరుసగా ఉన్నారు. సీటీసీలో ఎంపిక ఎక్కువ, బేరమూ కుదురుతుంది. అయినా ఏదైనా ఇబ్బంది వస్తే పెట్టె నెత్తిన పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాలి. అయిదారు వందలు ఎక్కువైనా దగ్గరి ఊళ్లో కొనడమే మీకు సుఖం. అలాంటి యంత్రాల్లో ఒరిజినల్ విండోస్ లైసెన్సు బోర్డులోనే నమోదై ఉండడం మరో లాభం. కొత్తగా అసెంబుల్ చేయిస్తే ఆ లైసెన్సుకు విడిగా డబ్బు పెట్టాలి, పెట్టనివారికి దొంగ కీలతో ఎక్కించిన విండోస్ వస్తుంది.

షాపులో యంత్రాన్ని ఆన్ చేయించి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కమనండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్‌ఫార్మెన్స్ అన్న చోట ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, డిస్కు ఎస్ఎస్‌డీయా హార్డ్ డిస్కా అన్నవన్నీ కనబడతాయి. మాటలతో పనిలేకుండా యంత్రమే తన వివరాలు చెబుతుంది. ఈ మాట అడగడానికి మొహమాటపడవద్దు. పాత కంపెనీ యంత్రాల్లో కొన్నింటికి హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటుంది, అలాంటప్పుడు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే తీగ వారినే ఇమ్మనండి. ఒకవేళ కొత్తదే కొనాలని మనసు పడితే ఐ3-12100 సరిపోతుంది. అంకెల చివర ఎఫ్ అన్న అక్షరం ఉన్నది మాత్రం వద్దు, ఎఫ్ రకానికి తెర మీద బొమ్మ చూపే సొంత గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనక తప్పదు. ర్యామ్ ధరలు ఇలా ఉన్న సమయంలో కొత్త యంత్రం, మంచి మానిటర్ రెండూ 35,000లో ఇమడడం కష్టమే. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో వచ్చే అరచేయి అంత మినీ కంప్యూటర్లు కూడా మీ పనులకు చాలతాయి, కరెంటు చాలా తక్కువ తాగుతాయి. చెడిపోతే మన జిల్లాలో బాగుచేసేవారు దొరకడం కష్టమని రెండో స్థానంలో ఉంచాను.

ఆ షాపువారి కాగితంలో లేనివి కొన్ని ఉన్నాయి. మానిటర్‌కు కెమెరా ఉండదు, మైకు ఉండదు. బిడ్డతో మాట్లాడాలంటే మైకు కలిసిన వెబ్‌క్యామ్ ఒకటి, చిన్న స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్లు కావాలి. డెస్క్‌టాపుల్లో చాలావాటికి వైఫై ఉండదు, యూఎస్‌బీకి తగిలించే వైఫై అడాప్టర్ కొనాలి. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి దాని నెట్‌ను వాడుకోవడం కూడా కుదురుతుంది. నేనైతే మీ 35,000లో మానిటర్‌కు 10,000 దాకా, యంత్రానికి 18,000 దాకా కేటాయించి, మిగిలిన ఏడు వేలను వీటికి, మంచి కీబోర్డుకు, మౌస్‌కు, కొత్త అద్దాలకు ఉంచుతాను.

ఇన్వర్టర్ ఉందన్నారు. చాలా ఇన్వర్టర్లకు వెనుకో ముందో యూపీఎస్ మోడ్ అని ఒక మీట ఉంటుంది. ఫ్యాన్లు, లైట్ల కోసం దాన్ని మామూలు మోడ్‌లో ఉంచుతారు. అలా ఉంచితే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కంప్యూటర్ ఆరిపోవచ్చు. యూపీఎస్ మోడ్‌కు మార్చి, ఇన్వర్టర్ సైన్ వేవ్ (మామూలు కరెంటు లాంటి కరెంటునే ఇచ్చే) రకమేనా అని మీ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. అదే సమయంలో ఆ గదిలోని మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూడమనండి. ఎర్తింగ్ లేని ఇంట్లో క్యాబినెట్ ఇనుప భాగం తాకితే చేతికి జివ్వుమంటుంది. అది యంత్రానికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. మన జిల్లాలో మే నెల ఎండలు 44, 45 డిగ్రీలకు చేరతాయి కనుక, పడమటి గోడకు ఆనించి, కిటికీ కింద పెట్టకండి.

టైపింగ్ గురించి ఒక్క హెచ్చరిక. డీటీపీ చేసేవారెవరైనా "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్లు ఎక్కించి ఇస్తామంటే వద్దనండి. పత్రికల పేజీలు, పెళ్లి పత్రికలు చేసేవారికి అవి అలవాటు, కాని అందులో రాసినది మీ బిడ్డ ఫోనులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడతాయి, మాట పెట్టి వెతకడానికీ వీలుండదు. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో "ఉయ్యాలో" అని కొడితే తెలుగులో వస్తుంది. అది యూనికోడ్, ఎక్కడ తెరిచినా చదవవచ్చు. రాయడానికి లిబర్ ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ కూడా ఉంది. పాట చదువుతూ ఉంటే అదే రాసుకుంటుంది, పాటల్లోని మన ప్రాంతపు మాటలను కొన్నిసార్లు మార్చేస్తుంది కాబట్టి ప్రతి చరణాన్నీ నోటుబుక్కుతో సరిచూసుకోవాలి. వారానికొకసారి మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, మరో కాపీని బిడ్డకు మెయిల్ చేయండి.

చివరగా బిల్లు సంగతి. కంప్యూటర్ల మీద, మానిటర్ల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది తప్పించుకుందామని బిల్లు లేకుండా తీసుకుంటే వారంటీ అడిగే దారి మూసుకుపోతుంది. బిల్లు మీద యంత్రం సీరియల్ నంబరు, మానిటర్ సీరియల్ నంబరు, ప్రాసెసర్ పూర్తి పేరు, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. తేడా వస్తే ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఎక్కడ కొన్నా మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, అయిదు లక్షల రూపాయల లోపు వస్తువులకు ఫీజు లేదు.

షాపుకు వెళ్లే రోజు మీ నోటుబుక్కు ఒకటి వెంట తీసుకెళ్లండి. మానిటర్ ఎంచుకునే ముందు అందులోంచి ఒక పాటలోని నాలుగు చరణాలు ఆ తెర మీద టైపు చేయించి, మీ అద్దాలతో, రెండడుగుల దూరంలో కూర్చుని, ఒత్తులు విడివిడిగా కనబడుతున్నాయో లేదో మీరే చూసుకోండి. వారు కొత్తగా రాసిచ్చే కాగితంలో ప్రాసెసర్ పూర్తి నంబరు, మానిటర్ మోడల్ నంబరు రెండూ ఉంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు నాకు పంపండి, చూసి వెంటనే జవాబు రాస్తాను.